మోకాలి రంగు

సానగది, పాత ఇంటి వెనక
సోమవారం

బామ్మర్దికి,

నాలుగేళ్ళకి నీ దగ్గర్నుంచి ఉత్తరం. కవరు మీద దస్తూరీ చూసి ఎవరో పోయారనుకున్నాను. చదివాక తెలిసింది, పోయింది నీ తెలివేనని.

ఫోన్ చేద్దామనుకుని మానేశానని రాశావు. మంచి పని చేశావు. సానచక్రం మోత నా చెవులు తినేసింది. ఎవరేం చెప్పినా ఈల వేసినట్టే వినిపిస్తుంది. చాలామంది విషయంలో అది నష్టమేమీ కాదు.

ఏ స్టెయిన్‌లెస్ మంచిది, దేని వాదర పదును పోకుండా నిలుస్తుంది అని అడుగుతున్నావు. నా దగ్గర పని నేర్చుకుని, నా గుమ్మంలో నిలబడే "బావది రాతియుగం" అని కొనుగోలుదార్లతో చెప్పినవాడివి. పోతూ పోతూ నా కూతుర్ని కూడా వెంటేసుకుపోయావు. అది చేసిన మొదటి స్టెయిన్‌లెస్ కత్తిని చూసి "ఇది చెంచాల ఉక్కు, చెంచా చేసుకో" అన్నానని అమ్మగారు పెట్టె సర్దుకుంది. మేనమామ ఉన్నాడు కదా, చంకనెక్కించుకోవడానికి. మీ అక్క బతికి ఉంటే ఇద్దరికీ చెంపలు పగిలేవి.

సరే, అడిగావు కాబట్టి రాసుకో.

మొదటిది ఆ చెంచాల రకమే. కార్బన్ తక్కువ. తుప్పు పట్టదు, విరగదు, తెగదు కూడా. పెద్ద ఆఫీసులో పాత గుమాస్తా లాంటిది, ఎవరికీ హాని చెయ్యదు, ఏ పనీ చెయ్యదు. రెండోది నువ్వు చూసి ఊగిపోయే నాలుగు వందల నలభై నంబరు ఉక్కు. కార్బన్ ఒక శాతం, క్రోమియం పదిహేడు. ఆ రెండూ కలిసి లోపల గట్టి గింజలు కడతాయి. మందపాటి వాదరలో ఆ గింజలు బలం. పలచగా అరగదీశావో, సన్నటి కాంక్రీటు పలకలోంచి కంకర ఊడినట్టు ఊడిపోతాయి. మూడోది గడ్డం బ్లేడ్ల కోసం పుట్టిన ఉక్కు. క్రోమియం పదమూడే, కార్బన్ అరశాతం పైన కొంచెం. గింజలు దుమ్మంత సన్నం. ఎంత పలచగా తీసినా వాదర నిలుస్తుంది. నేనూ తలుపు వేసుకుని ఒకటి చేసి చూశాను. బాగానే ఉంది. ఎక్కడా అనకు.

చేపల మాంసాన్ని చర్మం నుంచి ఒలిచే కత్తికి మూడోదే తీసుకో. కత్తి వీపు నుంచి వాదర దాకా తిన్నగా, పలచగా తియ్యి. గుంటగా తీస్తే మొదటి రోజు గాల్లో తేలుతున్నట్టు కోస్తుంది, ముల్లు తగలగానే పళ్ళు రాలుస్తుంది. ఉబ్బుగా తీస్తే బలమే కానీ మాంసాన్ని నెట్టుకుంటూ పోతుంది. ఆ కత్తి వంగాలి, వంగి మళ్ళీ లేవాలి. వంగి లేవడం నీకు బాగా తెలిసిన విద్యే.

ఉంటాను.
మీ బావ

*

పనిశాల, పై గది
శుక్రవారం

బావగారికి నమస్కారాలు.

తిట్టినా జవాబు రాశారు, అదే చాలు. అన్నిటికీ నేను అర్హుణ్ణే అనుకోండి.

మీరు చెప్పిన మూడో రకం ఉక్కుతోనే, మీ ఉత్తరం రాకముందే, మా దగ్గర పనిచేసేవాళ్ళలో ఒకరు కత్తి చేశారు. చేపల షెడ్డువాళ్ళ కోసం, పొడుగ్గా, సన్నగా. పిడి వేసేముందు వైస్‌లో బిగించి వంచి చూస్తారు కదా, అలా చూస్తుండగా పుటుక్కున విరిగింది. ఎక్కువ వంచలేదు. అంతకుముందు మిషను మీద కాఠిన్యం కొలిస్తే అంకె సరిగ్గానే ఉంది. అంకె సరిగ్గా ఉండి ఎందుకు విరిగింది? నాకు అంతుపట్టలేదు. ఇక్కడ తెలిసినవాళ్ళు తలా ఒకటి చెబుతున్నారు.

పిడి వైపు ముక్క దీంతో పంపుతున్నాను. మొన వైపుది నా దగ్గర లేదు.

కారణం త్వరగా రాయండి బావా. ఇక్కడ ఒకరు అది తెలుసుకోవాలని మహా పట్టుపడుతున్నారు. మీ ఆవిడ తమ్ముణ్ణని కాకపోయినా, పాత శిష్యుణ్ణనుకుని రాయండి.

మనుషుల గురించి మీరు అడగలేదు. నేనూ రాయడం లేదు.

మీ బామ్మర్ది

*

సానగది
బుధవారం

బామ్మర్దికి,

నీ ముక్క చేరింది. గుడ్డలో చుట్టి పంపావు, దారిలో ఎక్కడో తడిసింది. స్టెయిన్‌లెస్ అని పేరు, నా చేతికొచ్చేసరికి ఒళ్ళంతా తుప్పు చుక్కలు. ఆ చుక్కలే అసలు సంగతి చెప్పాయి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు సాన పని. ఇది చేసింది ఎవడో గానీ వాడికి చేతులున్నాయి. వీపు నుంచి వాదర దాకా ఒక్క చోట గీత తప్పలేదు. మడమ దగ్గర మందం ఉంచి, మొనకు పోయేకొద్దీ పలచబడుతూ, ఎక్కడ మారిందో వేలికి కూడా తెలియకుండా తీశాడు. నువ్వైతే జన్మలో చెయ్యలేవు. నేను చేస్తాను, కళ్ళద్దాలు మారిస్తే. ఇలాంటి సాన పట్టేవాణ్ణి దగ్గర పెట్టుకుని నువ్వు గల్లా దగ్గర కూర్చుంటున్నావంటే, కోతికి కొబ్బరికాయ దొరికిందన్నమాట.

ఇక రెండోవాడు, ఉక్కును కాల్చి కాక పట్టినవాడు. వాడివి చేతులు కావు, గిట్టలు. విరిగిన ముఖాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. గింజ సన్నంగా, బూడిద రంగులో చక్కగా ఉంది. అంటే కాల్చి చల్లార్చడం దాకా అంతా సవ్యం. అప్పుడు ఉక్కు గాజులా ఉంటుంది, రెండోసారి చిన్న వేడి చూపించి ఆ పొగరు దించాలి. తప్పు అక్కడ జరిగింది. చిన్న వేడి అంటే నూట డెబ్బై అయిదు డిగ్రీలు, మహా అయితే రెండు వందలు. వీడు నాలుగు వందలు దాటించాడు. ఆ వేడి దగ్గర ఈ ఉక్కుకో వెర్రి ఉంది. కాఠిన్యం అంకె పెద్దగా పడదు, నీ మిషను "శభాష్" అంటుంది. లోపల మాత్రం పెళుసెక్కుతుంది. క్రోమియం కాస్తా పోయి గింజల చుట్టూ చేరిపోతుంది కాబట్టి తుప్పును ఆపే శక్తి కూడా పోతుంది. అందుకే ఆ చుక్కలు. ఏ పాత లోహశాస్త్ర గ్రంథం తిరగేసినా ఉంటుంది. మీరు చదవరు, మిషను చదివింది నమ్ముతారు.

వాడికి మొహాన ఉన్నవి కళ్ళా, చొక్కా గుండీలా? కళ్ళు నెత్తికెక్కినవాళ్ళు కొలిమి దగ్గరికి రాకూడదని నా మాటగా చెప్పు. ఇంకో నాలుగు కత్తులు చేస్తే ఎవడి ప్రాణమో తీస్తాడు.

ఏ ఓవెన్, ఎంత వేడి, అడిగి రాయి. నా అనుమానం తప్పైతే నా పేరు మార్చుకుంటాను.

మీ బావ

*

పనిశాల, పై గది
మంగళవారం

బావగారికి,

మీ ఉత్తరం చదివి వినిపించాను. మీరు రాసింది నిజమేనంటున్నారు.

ఓవెన్ ఆ రోజు పనిచెయ్యలేదు. బాగుచేసేవాడు రాలేదు. షెడ్డువాళ్ళు తొందరపెడుతున్నారని, కాలిన ఇనప పలక మీద పెట్టి రంగు చూసి దించారు. వంగే కత్తి కాబట్టి ఒళ్ళంతా ఒకే రంగు తెచ్చామని చెప్పారు. ఏ రంగు అని అడిగితే "మోకాలి రంగు వచ్చాక తీశాను, అలా రాయి, నాన్నకి అర్థమవుతుంది" అన్నారు. నాకా మాట తెలియదు. అన్నది అన్నట్టు రాస్తున్నాను.

*

సానగది

ఒరేయ్,

చివర సంతకం పెట్టడం మర్చిపోయావు. "నాన్నకి" అన్న మాట కొట్టెయ్యడం కూడా మర్చిపోయావు. కొట్టేసినా ఒకటే.

మోకాలి రంగు అనే మాట ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. దానికి ఆరేళ్ళప్పుడు ఇదే గుమ్మం తట్టుకుని పడి మోకాలు కమిలింది. మర్నాడు కొలిమి పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. వేడి పలక మీద కత్తి గడ్డి రంగు దాటి, తేనె రంగు దాటి ఊదాకు తిరుగుతుంటే "నాన్నా, నా మోకాలి రంగొచ్చింది, తీసెయ్" అని అరిచింది. సరిగ్గా తియ్యాల్సిన క్షణం అది. అప్పట్నుంచి మా ఇద్దరికీ అదే కొలత. మీ అక్కకి కూడా తెలియదు.

చదివి వినిపించానన్నావు. అది తనే ఎందుకు చదువుకోలేదు?

మొన ముక్క నీ దగ్గర లేదన్నావు. ఎక్కడుంది?

తిరుగు టపాలో రాయి. చుట్టూ తిప్పకుండా రాయి.

*

కంటి ఆసుపత్రి, వరండా బల్ల మీద

బావా,

మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. "కారణం మాత్రం అడుగు మావయ్యా, ఇంకెవరికీ తెలియదు, నాన్నకే తెలుస్తుంది. నేనని తెలిస్తే రాయడు" అంది. ఇప్పుడు ఒట్టు తీసి గట్టున పెట్టాను.

సాన తనదే. కాక తనదే. పలక మీద రంగు సరిగా కనబడాలని పనిలో పెట్టుకునే కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది, మళ్ళీ దించుకోలేదు. వంచినప్పుడు మొన ఎగిరి ఎడమ కంట్లో దిగింది. లోపల్నుంచి డాక్టర్లు తీశారు. ఆ ముక్క వాళ్ళ దగ్గర సీసాలో ఉంది. నేను మీకు మొదటి ఉత్తరం రాయకముందే జరిగింది ఇదంతా.

కొన్నాళ్ళు రెండు కళ్ళకీ కట్టు కట్టారు, కదలకూడదని. మీ మొదటి ఉత్తరం, రెండోదీ నేనే చదివి వినిపించాను. బావా, కొన్ని మాటలు దాటేద్దామని చూశాను. "ఆగావేం? నాన్న ఇంత మర్యాదగా రాయడు, ఉన్నది చదువు" అంది. గిట్టలు అన్నచోట నవ్వింది. కళ్ళు, గుండీలు అన్నచోట నవ్వలేదు. సాన పని గురించి రాసింది మాత్రం రెండుసార్లు చదివించుకుంది.

ఇప్పుడు కుడికంటి కట్టు విప్పారు, దాంతో బాగానే చూస్తోంది. అసలు చిక్కు ఇది. దెబ్బతిన్న కంటిని అలాగే ఉంచితే మంచికన్ను కూడా పోవచ్చట. ఎడమది తీసేయించమంటున్నారు. ఇది ససేమిరా అంటోంది. మా ఆవిడ ఏడ్చి చెప్పింది, నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "నాన్నని పిలవనా" అంటే "రావద్దను" అంది.

రాకండి బావా. కానీ రాయండి. మా మాట ఇంటికెళ్ళేలోపు మర్చిపోతుంది, మీ మాట తిట్టుకుంటూ అయినా గుర్తుపెట్టుకుంటుంది. త్వరగా రాయండి.

మీ బామ్మర్ది

*

సానగది

రవ్వా,

ఈ పేరుతో పిలిచే హక్కు నాకు లేదని నువ్వంటావు. నిప్పురవ్వలు చూసి చప్పట్లు కొట్టేదానివని నేనే పెట్టాను. నువ్వు వద్దన్నా నేను పెట్టిన పేరే అది.

ముందు నువ్వడిగింది. క్రోమియం లేని మన పాత నల్ల ఉక్కు మీద ఊదా రంగు మూడు వందల లోపే వస్తుంది. అది గాలికి తొందరగా లొంగే ఉక్కు. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం గాలిని లోపలికి రానివ్వదు, అందుకని రంగు ఆలస్యంగా ఎక్కుతుంది. నీ మోకాలి రంగు దాని మీద కనబడేసరికి వేడి నాలుగు వందల యాభై అయి ఉంటుంది. రంగు అదే, వేడి వేరు. నీ కన్ను తప్పు చూడలేదు. ఉక్కు వేరే భాషలో మాట్లాడింది. నువ్వు ఇంటి భాషలో విన్నావు.

ఆ సాన పని నీదని తెలియక మెచ్చుకున్నాను. తెలిసి ఉంటే ఏదో వంక పెట్టేవాణ్ణి. కాబట్టి ఆ మెప్పు నిజమైనదని నమ్మొచ్చు. గిట్టలన్న మాట వెనక్కి తీసుకోను. అంత సాన తెలిసినదానివి ఓవెన్ బాగయ్యేదాకా ఆగలేకపోయావా? చేపలు పారిపోతాయా? అద్దాలు నుదుటికి ఎందుకే, నుదురు ఏం చూస్తుంది?

ఇది రాసి కొట్టేద్దామనుకున్నాను. ఉంచుతున్నాను. నేను తియ్యగా రాస్తే ఎవరో రాసిపెట్టారనుకుంటావు.

ఇప్పుడు కన్ను. నేను డాక్టర్ని కాను. ఊళ్ళో గ్రంథాలయంలో కంటి వైద్యం పుస్తకం ఉంది, ఎవరూ ముట్టని అలమరలో. కూర్చుని చదివాను. మీ డాక్టర్లు చెప్పింది నిజం. గాయపడిన కంట్లోంచి కారినదాన్ని ఒళ్ళు ఎప్పుడూ చూసి ఉండదట. శత్రువు అనుకుంటుందట. దాని మీద పడి, ఆపైన అలాంటిదే పక్కన ఇంకోటి ఉందని తెలుసుకుని, ఏ పాపమూ ఎరగని మంచికన్ను మీద కూడా పడుతుందట. వారాల తర్వాత పడొచ్చు, నెలల తర్వాత పడొచ్చు. ఎంత మూర్ఖపు ఒళ్ళో చూడు. అచ్చం మన ఇంట్లోవాళ్ళలాగే.

పోయిన కన్ను పోయింది. దాన్ని పట్టుకుని కూర్చుంటే ఉన్నది పోతుంది. నా మీద కోపంతో ఇది చెయ్యకు. కోపానికి నా దగ్గరే బోలెడు సరుకు ఉంది, కావలసినంత ఇస్తాను. కన్ను మాత్రం ఖర్చుపెట్టకు. సంతకం పెట్టు.

రావద్దన్నావని రావడం లేదు. రమ్మంటే ఆ పూటే బయల్దేరతాను.

నాన్న

*

మావయ్య ఇల్లు, వెనక గది
అత్త రాస్తోంది

నాన్నా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేనే తీసుకుని కిటికీ దగ్గర కూర్చుని చదివాను. నీ అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి, ఎవరినో కొట్టడానికి వెళ్తున్నట్టు ముందుకు ఒరిగి. "అద్దాలు నుదుటికి ఎందుకే" దాకా చదివాను. అక్కణ్ణుంచి అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి పోయాయి. ముందు ఏడుపేమో అనుకుని తుడుచుకున్నాను. ఏడుపు కాదు. మిగతాది అత్త చదివింది.

అంటే నువ్వు కంటి గురించి రాసింది నాకు చేరేసరికే మంచికంట్లో అది మొదలైపోయింది.

ఆ రోజే సంతకం పెట్టాను. ఎడమది తీసేశారు. కుడిదానికి మందులు వేస్తున్నారు, ఇంజక్షన్లు ఇస్తున్నారు. మొహం ఉబ్బిపోయింది. "తీసినదాని వల్ల ఇప్పుడు లాభం తక్కువమ్మా, ముందే అయితే వేరు" అని డాక్టరు చెప్పాడు, చెప్పకుండా ఉండాల్సింది అని మావయ్య వాడితో పోట్లాడాడు. నాకేమో వాడొక్కడే మనిషిలా కనిపించాడు. ఇప్పుడు పాలు కలిపిన నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. అత్త తెల్లచీర కడితే గోడలో కలిసిపోతోంది. "రంగు చీర కట్టుకోవే" అని మావయ్య అంటే, "ఈ వయసులో నాకు సోకులా" అని అత్త తిట్టింది. ఈ ముక్క రాయనంటోంది. రాయించాను.

ఒక మాట. నీ మీద కోపంతో తీయించుకోకుండా ఉన్నానని రాశావు. నువ్వు లోకంలో ప్రతిదీ నీ గురించే జరుగుతుందనుకుంటావు నాన్నా. ఆ కంట్లో ఇంకా వెలుగు ఉండేది. కట్టు మార్చేటప్పుడు కిటికీ నాలుగు పలకలుగా తెలిసేది. వెలుగు తెలుస్తున్న కంటిని తీసెయ్యమని చెప్పడానికి నోరు రాలేదు. అంతే. నువ్వు అందులో లేవు.

మావయ్య నన్ను చూసి కుమిలిపోతున్నాడు. ఓవెన్ బాగుచేయించి దానికి దణ్ణం పెడుతున్నాడు. నన్ను పనిశాలలోకి రానివ్వడం లేదు. నేను వెళ్తాను. సాన వేలితో కూడా తెలుస్తుంది, సగం దాకా. కాక మాత్రం తెలియదు. కాబట్టి నీకు తెలిసినదంతా నాకు రాయి, ఆ మూడో ఉక్కుకి, మొదట్నుంచి. ఓవెన్ మీద అంకె అత్త చదివి చెబుతుంది.

రంగులు రాయొద్దు. అంకెలు రాయి.

ఇప్పుడప్పుడే రాకు. నిన్ను సగం సగం చూడాలని లేదు.

రవ్వ

*

సానగది

రవ్వకి,

ఓవెన్ వెయ్యిన్నీ డెబ్బైకి ఎక్కాక కత్తి లోపల పెట్టాలి. కత్తి కూడా ఆ వేడికి చేరాక పది నిమిషాలు. తీసి, వెంటనే రెండు దళసరి అల్యూమినియం పలకల మధ్య నొక్కాలి. మనిషి బరువంతా వెయ్యాలి, లేకపోతే వంకర పోతుంది. ఇది నువ్వు చెయ్యకు, మీ మావయ్య చేత చేయించు, బరువు ఉన్నవాడు. పలకల మధ్య చెయ్యి పెట్టకు. చేతికి చల్లగా తగిలేదాకా తియ్యకు. తర్వాత ఓవెన్ నూట డెబ్బై అయిదుకి దించి రెండు గంటలు. తీసి పూర్తిగా చల్లారనిచ్చి మళ్ళీ రెండు గంటలు. కత్తి మరీ వంగాలనుకుంటే రెండు వందలు. అంతకుమించి ఎవరు చెప్పినా వినకు.

సాన పట్టేటప్పుడు చేతికి తొడుగు వేసుకోకు. వాదర వేలికి వెచ్చగా అనిపిస్తే ఆపి నీళ్ళలో ముంచు. అక్కడ కాలితే మళ్ళీ మొదటికొస్తుంది. పదును లేచిందో లేదో బొటనవేలి గోటి మీద ఆనించి, ఏమీ నొక్కకుండా జరిపి చూడు. జారితే ఇంకా లేవలేదు. కరిచి ఆగితే చాలు. రెండు వైపులా ఒకే లెక్క రావాలంటే చక్రం మీద ఎన్నిసార్లు లాగావో ఇటువైపూ అటువైపూ లెక్కపెట్టుకో. నేను కళ్ళున్నా లెక్కపెట్టుకునే చేస్తాను. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు, గొప్ప పోతుందని.

నేను అందులో లేనని రాశావు. సరే.

వంచి చూడడం మాత్రం నువ్వు చెయ్యకు. మీ మావయ్యని చెయ్యమను, అద్దాలు పెట్టుకుని, నువ్వు ఆ గదిలో లేనప్పుడు.

ఈ కాగితం అత్త చేత చదివించుకో. ఆ వెధవ చేతికివ్వకు, అంకెలు తప్పు చదువుతాడు.

నాన్న